గడప తొక్కని పాఠకుడి కోసం ఒక రోజు

గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారిని తలచుకుంటూ చేస్తున్న ఈ ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం పైకి చాలా చిన్నది. గ్రంథాలయ ఉద్యోగుల శిక్షణ కోసం ఏడాదిలో ఒక పూర్తి రోజు కేటాయించాలి, ఆ రోజును ఎలా తీర్చిదిద్దుకోవాలి అన్నదే ఆ విషయం. అమెరికాలో చాలా ఊళ్ల ప్రజా గ్రంథాలయాలు ఏడాదికొక రోజు తలుపులు మూసి, సిబ్బంది అంతా ఒకచోట కూర్చుని తమ పని గురించి తామే చర్చించుకుంటాయి. ఆ ఆచారం మన దగ్గరికీ వస్తే సంతోషమే. అయితే మన దగ్గర ఇలాంటి రోజు అనగానే కళ్ల ముందు మెదిలే దృశ్యం కూడా అందరికీ తెలిసిందే. జిల్లా కేంద్రంలో ఒక హాలు, వెనక ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి రాక ఆలస్యం, శాలువాలు, భోజనాలు, భోజనాల తర్వాత తెర మీద ఏదో సాఫ్ట్‌వేర్ పరిచయం, సాయంత్రం ధ్రువపత్రాల పంపిణీ. అలా గడిచే రోజు వల్ల మర్నాడు పొద్దున గ్రంథాలయం తాళం తీసే మనిషి చేతికి కొత్తగా వచ్చేదేమీ ఉండదు. ఆ రోజు చర్చించే ప్రతి అంశం ఇంతవరకు గ్రంథాలయం గడప తొక్కని మనిషి అవసరం నుంచి పుట్టాలి, ఆ సమావేశం ఆ మనిషి ఉండే చోటే జరగాలి అన్నది నా వాదన. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అలాంటి చోటు ఏదంటే, దుమ్ముగూడెం మండలంలోని ఈ పర్ణశాల అంటాను.

ఈ వాదనకు మొదటి ఆధారం మన గ్రంథాలయోద్యమ చరిత్రలోనే ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించుకున్నారు. దాని వెనక ఉన్న ప్రధాన శక్తి అయ్యంకి వారు. అప్పటికి ఉద్యోగ గ్రంథపాలకులంటూ ఊళ్లలో ఎవరూ లేరు. పుస్తకాలు పోగుచేసినవాళ్లు, పంచినవాళ్లు, చదవడం రానివాళ్లకు చదివి వినిపించినవాళ్లు అందరూ స్వచ్ఛంద కార్యకర్తలే. వాళ్లు ఒకచోట కూడిన ప్రతిసారీ చర్చకు వచ్చిన ప్రశ్న ఒక్కటే: పుస్తకాన్ని ఇంకా ఎంత దూరం తీసుకుపోగలం? 1935లో పాతూరి నాగభూషణం గారి చొరవతో గుంటూరు సీమ కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిచిందంటే అది ఆ ప్రశ్నకు దొరికిన జవాబే. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడి పల్లెల్లో ఎడ్లబండి మీద పుస్తకాలు తిరిగాయి. దాన్ని ప్రారంభించిన గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ గారు అదే ఏడాది తన అయిదు గ్రంథాలయ సూత్రాలను పుస్తకంగా వెలువరించారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి అన్న ఆ సూత్రాల సారాన్ని ఎడ్లబండితో కలిపి చదివితేనే పూర్తిగా అర్థమవుతుంది. ఇక తెలంగాణలో సంగతి చెప్పనక్కర్లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. 1925లో ఈ ఖమ్మం ప్రాంతంలోని మధిరలోనే తెలంగాణ తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది. నిజాం పాలనలో తెలుగు మాటకు చోటు సంపాదించడమే ఆ గ్రంథాలయాల పని. ఎవరి భాషకు చోటు లేదో వాళ్ల దగ్గరికి పోవడమే మన గ్రంథాలయాల పుట్టుక స్వభావం. ఈ మాట గుర్తుంచుకోండి, కోయ భాష దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ ఎత్తుకుంటాను.

తర్వాత చట్టాలు వచ్చాయి. ఆంధ్ర ప్రాంతానికి 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు చట్టం, ఆ రెండింటి స్థానంలో 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి, ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వచ్చింది, గ్రంథపాలకుడు జీతం తీసుకునే ఉద్యోగి అయ్యాడు. ఇది మంచి పరిణామం, అందులో సందేహం లేదు. స్వచ్ఛంద సేవ మీద శాశ్వత సంస్థ నిలవదు. అయితే ఈ మార్పులో ఒకటి జారిపోయింది. శిక్షణ అనేది ఉద్యోగానికి ముందు సంపాదించే అర్హత అయిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టిన ఘనత మనది. ఆ తర్వాత సర్టిఫికెట్ కోర్సులు, డిగ్రీలు వచ్చాయి. వర్గీకరణ, సూచీకరణ నేర్చుకుని, పరీక్ష రాసి, పోస్టు సంపాదించాక ఆ మనిషి మళ్లీ విద్యార్థిగా కూర్చునే సందర్భం చాలా అరుదు. పిలుపు వస్తే అది సాధారణంగా రిజిస్టర్లు, బిల్లులు, బకాయిల సమీక్ష కోసం. ప్రజా గ్రంథాలయాల మీద యునెస్కో, ఇఫ్లా సంస్థలు 1994లో వెలువరించిన ప్రకటన గ్రంథపాలకుడి నిరంతర శిక్షణను మంచి సేవకు తప్పనిసరి అంది. మన ఉద్యోగ నిబంధనల్లో ఆ మాటకు దక్కిన చోటు చాలా తక్కువ.

ఇప్పుడు మన ఎదురుగా ఉన్న ప్రాంతం వైపు చూద్దాం. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజనతో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల కొన్ని మండలాలు, ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. అరవై ఏళ్లలోపు ఇన్నిసార్లు పాలన గీతలు మారిన చోట, ఏ గ్రంథాలయం ఎవరి కిందికి వస్తుంది, ఏ పంచాయతీ సెస్సు ఎవరికి జమ కావాలి అన్న ప్రశ్నలే చాలాకాలం కార్యాలయాల సమయాన్ని తినేస్తాయి. పాఠకులు మాత్రం ఆ గీతలను పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్ వైపు పోయిన ఎటపాక పిల్లవాడికి దగ్గరి పట్టణం ఇప్పటికీ భద్రాచలమే. దుమ్ముగూడెం మండలానికి ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఊళ్లలో కోయలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గూడేలు వేసుకున్న గుత్తికోయలు, తెలుగు కుటుంబాలు, రామాయణ స్థలం చూడటానికి వచ్చే యాత్రికులు. ఒకే రోడ్డు మీద ఇన్ని రకాల మనుషులు తిరిగే చోట గ్రంథపాలకుడికి కోర్సులో నేర్పిన పాఠం సగం దూరమే వస్తుంది.

ఆ గ్రంథపాలకుడి రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే శిక్షణ ప్రణాళికలు వేసేవాళ్లు ముందు మరిచిపోయేది దాన్నే. శాఖా గ్రంథాలయం ఎక్కువ చోట్ల ఒంటిమనిషి సంస్థ. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు, మధ్యలో విరామం. వారపు సెలవు శుక్రవారం. పేపర్లు సర్దడం, యాక్సెషన్ రిజిస్టర్ రాయడం, పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, కరెంటు బిల్లు కట్టించడం, వాన వస్తే కిటికీలు మూయడం, అన్నీ ఆ ఒక్కరే. కొన్ని చోట్ల వేరే ఊరి గ్రంథాలయం ఇన్‌ఛార్జి కూడా తనే. తను చేస్తున్నది సరో కాదో అడగడానికి పక్కన తోటి ఉద్యోగి ఉండరు. అదే ఊళ్లో ఆశా కార్యకర్త నెలకొకసారి ఆరోగ్య కేంద్రంలో ఆశా డేకి వెళ్లి సాటివాళ్లను కలుస్తుంది. అంగన్‌వాడీ టీచరుకు సెక్టారు సమావేశం ఉంది. బడి ఉపాధ్యాయులకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. ఊరికి సేవ చేసే ఉద్యోగులందరిలో సాటి ఉద్యోగితో కూర్చుని పని గురించి మాట్లాడుకునే ఏర్పాటు పెద్దగా లేనిది గ్రంథాలయ ఉద్యోగికే. శిక్షణ దినం కావాలనడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనపడదు. కాబట్టి ఆ రోజు మొదటి రెండు గంటలు వేదిక మీద ఎవరూ ఉండకూడదు. నలుగురైదుగురు చొప్పున కూర్చుని, గత ఏడాదిలో తాము జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు ఒక్కొక్కరు చెప్పాలి. మిగతా రోజంతా ఆ ప్రశ్నల మీద నడవాలి.

ఎలాంటి ప్రశ్నలు వస్తాయో ఊహించడం కష్టం కాదు. ఒక కోయ రైతు గ్రంథాలయం ముందు ఆగి, తన పోడు భూమికి పట్టా ఎందుకు రాలేదో ఎక్కడ తెలుస్తుందని అడిగాడనుకుందాం. పత్రికలు, నవలలు ఉన్నాయి కానీ అది మా పని కాదు అని పంపేయడం సులువు. శిక్షణ ఉన్న గ్రంథపాలకుడు ఏం చేయగలడో చూడండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తెలుగు ప్రతి, దాని నియమాలు బల్ల మీద ఉంచగలడు. వ్యక్తిగత హక్కుకు ఫారం ఏ, సామూహిక హక్కుకు ఫారం బి, సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం సి అని చూపించగలడు. దరఖాస్తు మొదట గ్రామసభకే ఇవ్వాలని, గిరిజనులైతే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలన్నది షరతు అని, దరఖాస్తును తిరస్కరిస్తే ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలియజేయాలని, పై కమిటీకి పోవచ్చని చదివి వినిపించగలడు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం భద్రాచలంలో ఎక్కడ ఉందో చెప్పగలడు. వకీలు పని తాను చేయకూడదు, పట్టా వస్తుందని హామీ ఇవ్వకూడదు. ఆ హద్దు ఎక్కడుందో తెలియడం కూడా శిక్షణే. ఈ ఒక్క ప్రశ్నను ఇద్దరిద్దరు చొప్పున, ఒకరు రైతుగా, ఒకరు గ్రంథపాలకుడిగా కూర్చుని అరగంట సాధన చేస్తే, సమాచార సేవ మీద మూడు ఉపన్యాసాలు ఇవ్వలేనిది వస్తుంది. ఆ రైతు రేపు మళ్లీ వస్తాడు. ఈసారి కూతుర్ని వెంటబెట్టుకుని రావచ్చు.

ఇక భాష. మధిర సభ నాటి మనుషులు తెలుగు కోసం చేసినది ఇప్పుడు కోయ కోసం ఎవరు చేయాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలైంది. అందులో కోయ ఒకటి. తెలుగు లిపిలోనే కోయ వాచకాలు అచ్చయ్యాయి. ఆ పుస్తకాలు ఏజెన్సీలోని ఎన్ని ప్రజా గ్రంథాలయాల అలమరల్లోకి చేరాయి? ఈ ప్రశ్న శిక్షణ దినాన ప్రతి ఉద్యోగి తన గ్రంథాలయానికి సంబంధించి జవాబు రాసి తీసుకురావలసిన ప్రశ్న. అచ్చు పుస్తకం తక్కువైన భాషకు గ్రంథాలయం అవసరం లేదనే మాట ఒకటి వినిపిస్తుంది. దాన్ని నేను పూర్తిగా కాదంటాను. అచ్చు తక్కువ కాబట్టే ఆ భాషను భద్రపరిచే పని గ్రంథాలయం మీద ఎక్కువగా పడుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను, కోయ ఇంటిపేర్ల వంశ కథలను కోయలోను తెలుగులోను గానం చేసేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి కళాకారుడి గొంతులో ఉన్నది ఆయన పోయేలోగా నమోదు కాకపోతే తర్వాత ఏ సూచీలోనూ వెతికి ప్రయోజనం లేదు. దీనికి స్టూడియో అక్కర్లేదు. ఒక ఫోను, నిశ్శబ్దమైన గది, పాడేవారి అనుమతి, రికార్డు చేశాక పాడినవారి పేరు, ఊరు, తేదీ, భాష, కథ పేరు ఒక కాగితం మీద రాసి దానికి జతచేసే క్రమశిక్షణ చాలు. సూచీకరణ నేర్చుకున్న మనిషికి ఈ చివరి పని బాగా తెలుసు. అతనికి కావలసింది ఇది కూడా తన పనేనన్న అధికారిక గుర్తింపు, ఒక మధ్యాహ్నం చేతులతో చేసి చూసుకునే అవకాశం. డోలి కళాకారులు ఉన్న ఊళ్ల మధ్య సమావేశం జరిగితే ఒకరిని గౌరవంగా పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, ఆయన ఎదుటే ఈ సాధన చేయవచ్చు. కొత్తగూడెం హాలులో అది కుదరదు. పర్ణశాలలోనే జరగాలనడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు. పర్ణశాల ఆలయ ప్రాంగణంలోకి వరద నీరు రావడం ఈ ఊరివాళ్లకు కొత్త కాదు. నదికి ఇంత దగ్గరగా ఉండే ఊళ్లలో గ్రంథాలయం నడిపే మనిషికి వరద పాఠం మిగతా అన్ని పాఠాలకంటే ముందు రావాలి. మొదటి హెచ్చరిక 43 అడుగులకు వస్తుంది. అప్పుడే కింది అరల పుస్తకాలు పై అరలకు ఎక్కించాలి. యాక్సెషన్ రిజిస్టర్‌ను ముందుగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పై ఊరికి పంపాలి. పుస్తకాలు పోయినా ఏమేం ఉండేవో చెప్పేది అదొక్కటే కాబట్టి. నీళ్లు దిగాక తడిసిన పుస్తకాన్ని చూడగానే ఎవరైనా చేసేది ఎండలో పరిచి పేజీలు తిప్పడం. అది పుస్తకాన్ని చంపేస్తుంది. ఎండకు అట్ట వంకర పోతుంది, తడి పేజీలు తిప్పబోతే చిరుగుతాయి, నున్నటి కాగితమైతే పేజీకి పేజీ అంటుకుని రాయిలా అవుతుంది. తడి పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు. బురద ఉంటే పుస్తకం మూసి ఉంచే శుభ్రమైన నీటిలో మెల్లగా కడగాలి. తర్వాత నీడలో, ఫ్యాను గాలి తగిలేలా నిలువుగా నిలబెట్టి, కొన్ని పేజీలకొకసారి అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. పాత వార్తాపత్రికలు పెడితే సిరా అంటుతుంది. రెండు రోజుల్లోగా ఈ పని మొదలుకాకపోతే బూజు పడుతుంది. అన్నిటినీ కాపాడటం కుదరదు. అందుకని ఏది మళ్లీ బజారులో దొరుకుతుందో, ఏది దొరకదో ముందే ఒక జాబితా ఉండాలి. గైడ్లు మళ్లీ కొనుక్కోవచ్చు. స్థానిక చరిత్ర మీద ఎవరో ఇచ్చిన పాత పుస్తకం దొరకదు. శిక్షణ దినాన నాలుగు పాత పుస్తకాలను నిజంగానే బకెట్ నీళ్లలో ముంచి, ప్రతి ఒక్కరి చేతా ఈ పని చేయించాలని నా కోరిక. చేతులు తడవకుండా వచ్చే వరద శిక్షణ మీద నాకు నమ్మకం లేదు.

పోటీ పరీక్షలకు చదివే యువకుల గురించి ఎక్కువ చెప్పను. ఈ రోజున తెలంగాణ గ్రంథాలయాల్లో కుర్చీలు నిండుతున్నది వాళ్ల వల్లే. వాళ్లకు స్థలం, వెలుతురు, మంచినీళ్లు, కొత్త మెటీరియల్ కావాలి. ఆ డిమాండ్ గట్టిగా వినపడుతుంది, పత్రికల్లో వస్తుంది, అధికారులకు చేరుతుంది. అందుకే శిక్షణ దినం వాళ్ల అవసరాల మీద నడవనక్కర్లేదు. అడగడం రానివాళ్ల అవసరం ఎవరి చెవికీ చేరదు కనుక దానికోసం ఒక రోజు కేటాయించాలి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, గ్రంథాలయం మూసేస్తే పాఠకుడికి ఆ రోజు పేపరు దొరకదు. ఒంటిమనిషి గ్రంథాలయాల్లో ఇది నిజమే. దీనికి శుక్రవారం పెడితే సరిపోతుంది కదా అని వెంటనే అనేవాళ్లుంటారు. అది అన్యాయం. వారంలో ఉన్న ఒక్క సెలవును తీసుకుని ఇచ్చే శిక్షణ ఉద్యోగికి శిక్షలాగే తోస్తుంది. అలాంటి మనసుతో వచ్చినవారికి ఏమీ ఎక్కదు. మండలాలను రెండు జట్లుగా విడదీసి వారం తేడాతో రెండు రోజులు జరిపితే, పక్క ఊరి గ్రంథాలయమైనా తెరిచి ఉంటుంది. తలుపు మీద ఒక కాగితం, వారం ముందే: మీ గ్రంథపాలకుడు మీకు ఇంకా బాగా సేవ చేయడం నేర్చుకోవడానికి వెళ్తున్నారు అని. పాఠకుడు అంత మాత్రం అర్థం చేసుకోగలడు.

రెండోది డబ్బు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. పెంకుటిళ్లు, తాటాకు గుడిసెలు ఉన్న ఏజెన్సీ పంచాయతీలో ఇంటి పన్నే ఎంత, అందులో ఎనిమిది శాతం ఎంత? ఎక్కువ సేవ కావలసిన చోటే తక్కువ రాబడి వచ్చే పద్ధతి ఇది. ఈ పద్ధతి మారాలన్నది వేరే ఉపన్యాసానికి విషయం. అయితే ఈ ఒక్క రోజుకు కావలసిన మొత్తం పెద్దది కాదు. ఉద్యోగుల జీతం ఎలాగూ ఉంది. బస్సు చార్జీలు, దూరం నుంచి వచ్చేవారికి ముందు రాత్రి బస, భోజనం, డోలి కళాకారుడి పారితోషికం, ఇంతే. శిక్షణ తరగతులకు, కార్యశాలలకు సాయం చేసే పథకం రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు ఉంది. 1972లో ఏర్పడిన ఆ సంస్థ నుంచి మనం పుస్తకాలు, అలమరలు తెచ్చుకుంటున్నాం. మనుషుల కోసం కూడా అడగవచ్చు. శాలువాలు, ఫ్లెక్సీలు, మెమెంటోలు మానేస్తే కొంత అక్కడే మిగులుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పోస్టులు ఖాళీగా ఉంటే, ఉన్నవారు రెండు మూడు చోట్ల ఇన్‌ఛార్జీలుగా పరుగెత్తుతుంటే, శిక్షణ పేరుతో మరో బరువు ఎందుకు అని ఉద్యోగులే అడుగుతారు. ఈ మాటను తేలిగ్గా తీసేయకూడదు. ఏ శిక్షణా నియామకానికి ప్రత్యామ్నాయం కాదు. శిక్షణ ఇచ్చాం కదా అని ఖాళీలను అలాగే ఉంచడానికి ఈ రోజును ఎవరైనా వాడుకుంటే దాన్ని వ్యతిరేకించేవారిలో నేనూ ఉంటాను. కానీ ఖాళీలు ఉన్నంతకాలం శిక్షణ వాయిదా వేద్దామంటే, ఇప్పుడు పనిచేస్తున్న తరం రిటైరయ్యేదాకా ఏమీ జరగదు. పైగా ఇద్దరు ముగ్గురు చేసే పనిని ఒకరే చేస్తున్నప్పుడు ఏ పని వదిలేయాలో, ఏది వదలకూడదో సాటివాళ్లతో కూర్చుని తేల్చుకోవడం ఇంకా అవసరం. ఆ చర్చలో తేలిన ఖాళీల లెక్కను, ఆ ఖాళీల వల్ల ఏ గూడేనికి ఏ సేవ ఆగిపోయిందో వివరంగా రాసి పంపితే, ఉత్త వినతిపత్రానికంటే దానికి బలం ఎక్కువ.

ఆన్‌లైన్‌లో ఇస్తే ఖర్చు లేదు కదా అన్నది ఇంకో మాట. తెర మీద నేర్చుకోదగినవి ఉన్నాయి, కాదనను. సాఫ్ట్‌వేర్ పాఠాలను హాయిగా దానికి వదిలేయవచ్చు. కానీ అడవి పక్క ఊళ్లలో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని సంగతి అలా ఉంచినా, ఒంటరిగా పనిచేసే మనిషికి ఇంకో ఒంటరి తరగతి ఇవ్వడంలో అర్థం లేదు. చర్ల గ్రంథపాలకుడు తన ఊరి ఆడవాళ్లను గ్రంథాలయానికి ఎలా రప్పించాడో వెంకటాపురం గ్రంథపాలకుడికి ఎదురుగా చెప్పడంలో ఉన్న నమ్మకం వీడియోలో రాదు.

రికార్డ్ అసిస్టెంట్లు, అటెండర్లు, పార్ట్‌టైమ్ స్వీపర్లు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఈ శిక్షణకు ఎందుకు అని కూడా అంటారు. వాళ్లు ఉన్న ఊళ్లలో పొద్దున తలుపు తెరిచేది వాళ్లే. మొహమాటపడుతూ గుమ్మంలో నిలబడ్డ కోయ పిల్లకు ముందు కనిపించేది వాళ్ల ముఖమే. లోపలికి రామ్మా అనేదీ, ఏం కావాలి అని కసిరేదీ వాళ్లే. కొందరికి కోయ మాట్లాడటం కూడా వస్తుంది. ఆ భాష రాని గ్రంథపాలకుడికి ఆ రోజు వాళ్లే గురువులు కావాలి. వాళ్లను బయట కాఫీలు అందించే పనిలో పెట్టి లోపల పాఠకసేవ గురించి మాట్లాడటం తగదు.

తేదీ విషయంలోనూ ఆలోచన కావాలి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పెడదామని సహజంగా తోస్తుంది. 1919లో మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ మొదలైంది నవంబరు 14నే. దాని ఏర్పాటులో అయ్యంకి వారి శ్రమ ఉంది కనుక ఆ తేదీ మనకు గౌరవనీయం. కానీ ఆ వారమంతా ఉద్యోగులు పిల్లల పోటీలు, బహుమతులు, అతిథుల మధ్య ఊపిరి సలపకుండా ఉంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎప్పుడు పొంగుతుందో తెలియదు. ముక్కోటికి, శ్రీరామనవమికి భద్రాచలం దారిలో బస్సులు నిండిపోతాయి, గదులు దొరకవు. మేడారం జాతర వచ్చే ఏడు మాఘమాసంలో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. ఇవన్నీ పోగా డిసెంబరు మొదటి పక్షం మిగులుతుంది. వరదలో ఏం జరిగిందో అప్పటికి ఇంకా గుర్తుంటుంది, వచ్చే వరదకు సిద్ధం కావడానికి ఆరు నెలలు చేతిలో ఉంటాయి.

ఆ రోజు ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది? వచ్చినవారి సంతకాలు లెక్కపెడితే తెలియదు. సాయంత్రం ఇళ్లకు బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ తమ గ్రంథాలయంలో మార్చబోయే ఒకే ఒక్క సంగతి రాసి, ఒక కాపీ పక్క మండలం ఉద్యోగికి ఇవ్వాలి, పై అధికారికి కాదు. మూడు నెలల తర్వాత ఆ పక్క మండలం మనిషే ఫోను చేసి ఏమైందని అడగాలి. కొత్తగా సభ్యులైన ఆడవాళ్లెందరు, కోయ పుస్తకం ఒక్కటైనా అలమరలోకి చేరిందా, యాక్సెషన్ రిజిస్టర్‌కు నకలు తయారైందా, ఇలాంటి చిన్న విషయాలు. ఎవరైనా చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో మరుసటి ఏడాది సమావేశంలో మొదటి గంట దానికే ఇవ్వాలి.

జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలకు, ఐటీడీఏ అధికారులకు, ఈ సభలో ఉన్న సర్పంచులకు నా విన్నపం ఇది. వచ్చే డిసెంబరు మొదటి పక్షంలో రెండు పనిదినాలు ప్రకటించండి. వాటిని ఆన్ డ్యూటీగా ఉత్తర్వులో రాయండి. స్వీపరు దాకా అందరినీ పేరు పేరునా పిలవండి. సరిహద్దు ఆవల ఆంధ్రప్రదేశ్ మండలాల్లో పనిచేస్తున్న సాటి ఉద్యోగులకూ కబురు పెట్టండి, వాళ్ల పాఠకులు మన పాఠకులు ఒకే సంతలో కలుస్తారు. ఈ పర్ణశాలలో బడి గది ఒకటి, భోజనాలకు ఒక చెట్టు నీడ చూపించండి. నాలుగు బకెట్ల నీళ్లు, కొన్ని పాత పుస్తకాలు, ఒక దస్తా తెల్ల కాగితాలు సిద్ధం చేసుకుని ఉద్యోగులు వస్తారు. ఉత్తర్వు మీరు ఇవ్వండి.